ముసుగు క్రింద పద్మిని

ఢిల్లీలో కరోల్ బాగ్ అనగానే గృహిణులకు బట్టల అంగళ్ళు, యువకులకు గఫార్ మార్కెట్టు జ్ఞప్తికి వస్తాయి. బండ్ల మీద మోజు గలవారికి మాత్రం నాయీవాలా వీధులు. సైలెన్సర్లు, హ్యాండిళ్ళు, దీపాలు తోరణాల వలె వ్రేలాడే ఆ దుకాణాలు దాటి లోపలి సందులలోకి పోతే, పాత ఇళ్ళ నేల అంతస్తులో కారు పట్టేపాటి షెడ్డు అక్కడక్కడ కనిపిస్తుంది. విరిగిన కుర్చీలు, పిల్లల సైకిళ్ళు, వాటి వెనుక టార్పాలిన్ ముసుగు వేసుకొని, గాలి దిగిన చక్రాల మీద ఒక పాత కారు. తండ్రి సరదాపడి కొన్నది. అమ్మడానికి మనసొప్పదు, నడుపుదామంటే కదలదు.

ఆ కారు పద్మిని అయితే గృహస్థు అదృష్టవంతుడనే చెప్పాలి. ఇటలీ వారి ఫియట్ 1100ను బొంబాయిలోని కుర్లాలో తయారుచేసిన ప్రీమియర్ సంస్థ 1970ల నడిమి కాలంలో దానికి ఈ రాణి పేరు పెట్టింది. 2000 ప్రాంతం వరకు ఆ కారు తయారయింది. 1089 సి.సి. ఇంజను, స్టీరింగు ప్రక్కనే గేరు కాడ, సాదా వైరింగు. ఓపిక, స్పానర్ల పెట్టె ఉన్నవానికి అర్థంకాని భాగం అందులో తక్కువ.

ఏళ్ళ తరబడి నిద్రించిన కారును బాగుచేయ పూనుకొన్నవారు చేసే మొదటి తప్పు, కొత్త బ్యాటరీ తెచ్చి తాళం త్రిప్పడం. పిస్టను రింగులు సిలిండరు గోడలకు తుప్పుతో అంటుకొని ఉండవచ్చు. స్టార్టరుతో బలవంతం చేస్తే విరుగుతాయి. అనుభవజ్ఞులు నాలుగు స్పార్కు ప్లగ్గులూ విప్పి, ఆ రంధ్రాలలో పలుచని నూనె పోసి, రోజుల తరబడి నాననిస్తారు. తరువాత ఇంజను ముందరి పుల్లీ నట్టుకు స్పానరు తగిలించి, చేతితో అంగుళం అటు, అంగుళం ఇటు కదుపుతారు. ఇంజను మొదటిసారి మెత్తగా తిరిగిన క్షణాన ఆ మనిషి ముఖం చూడవలసినదే! ట్యాంకులో మిగిలిన పాత పెట్రోలు జిగురు కట్టి ఉంటుంది; దానిని తీసివేసి, ట్యాంకు కడిగించి, కార్బురేటరులోని సన్నని రంధ్రాలు శుభ్రం చేయాలి. బ్రేకుల రబ్బరు భాగాలను పరీక్షించనక్కరలేదు, మార్చివేయవలసినదే. పాత లైనింగులలో ఆస్బెస్టాస్ ఉండవచ్చు. ఆ ధూళిని నోటితో ఊదరాదు, తడిగుడ్డతో తుడవాలి. జాకీ ఒక్కదానిని నమ్మి కారు క్రిందికి దూరరాదు. విప్పిన ప్రతి నట్టును పేరు వ్రాసిన డబ్బాలో వేయాలి. చిన్న పనే, దీనిని నిర్లక్ష్యం చేసి, కారును గోనెసంచులలోనే మిగిల్చినవారు లేకపోలేదు.

అన్నింటికంటె మొండిది తుప్పు. ఇనుము ప్రాణవాయువుతోను తేమతోను కలిసి తుప్పుగా మారినప్పుడు దాని పరిమాణం పెరుగుతుంది. అందుచేతనే రంగు పొర బొబ్బల వలె ఉబ్బుతుంది. పైన గోరంత బొబ్బ కనిపిస్తే లోపల అరచేయంత రేకు చివికి ఉండవచ్చు. తలుపుల క్రింది అంచులు, చక్రాలపై వంపులు, కాళ్ళు పెట్టుకొనే అడుగు రేకు మొదట పోతాయి. పుట్టీ పూసి పైన మెరిసే రంగు కొట్టించడం చౌకే కాని, ఒకటి రెండు వర్షాకాలాలలో దాని బండారం బయటపడుతుంది. చెడిన రేకు కోసివేసి కొత్త ముక్క వెల్డింగు చేయించాలి. పెట్రోలు ఆవిరి నిండిన ఇరుకు షెడ్డులో చేసే పని కాదది, మేస్త్రీకి అప్పగించాలి.

విడిభాగాలు మరొక వేట. నాయీవాలా ప్రధానంగా రెండు చక్రాల బండ్లది. కార్ల సామానుకు కాశ్మీరీ గేటు బజారుకు పోవాలి. బొంబాయిలో నలుపు-పసుపు పద్మినీ టాక్సీలు తిరిగినన్నాళ్ళు ఈ భాగాలకు గిరాకి ఉండేది. ఆఖరి టాక్సీ 2023 అక్టోబరులో విరమించింది. నెలలు తిరిగి విసిగినవానికి, మరొక కారు ఇంజను తెచ్చి అమర్చితే పోదా అనిపించేది అప్పుడే.

అనిపించినా చేయరాదు. కేంద్ర ప్రభుత్వం 2021లో తెచ్చిన నిబంధనల ప్రకారం, మొదటి రిజిస్ట్రేషను నుండి 50 ఏళ్ళు దాటి, ఛాసీ, బాడీ, ఇంజను మార్పు చెందక అసలు రూపంలో ఉన్న బండికే ‘వింటేజ్’ హోదా. నంబరు పలకపై ‘వి.ఎ.’ అక్షరాలు, 20,000 రూపాయల రుసుము, పదేళ్ళ చెల్లుబాటు. ప్రదర్శనలకు, ర్యాలీలకు, మరమ్మతుకు, పెట్రోలు పోయించుకొనడానికి తప్ప నిత్యం తిప్పరాదు. ఈనాడు షెడ్డులో కోసిన కోత ఆనాటి అర్హతను పోగొట్టవచ్చు.

ఆనాడు ఎప్పుడన్నదే ఢిల్లీ చిక్కు. 15 ఏళ్ళు దాటిన పెట్రోలు కార్లు, 10 ఏళ్ళు దాటిన డీజిలు కార్లు రాజధాని ప్రాంతంలో తిరుగరాదని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2014, 2015లలో ఆదేశించింది. సుప్రీంకోర్టు 2018లో దానిని సమర్థించింది. 2025 ఆగస్టులో యజమానులకు కలిగించిన ఊరటను డిసెంబరులో బి.ఎస్.4, ఆపై ప్రమాణాల బండ్లకే పరిమితం చేసింది. ఢిల్లీ చలికాలపు గాలి పీల్చినవారు ఈ కట్టడిని తప్పుపట్టలేరు. కాని 1984 నాటి పద్మిని 1999లోనే ముసలిదై, 2034లో గాని పూజ్యురాలు కాదు! 1983 డిసెంబరులో ప్రధాని ఇందిరాగాంధి తాళాలు అందించిన మొట్టమొదటి మారుతి 800 సైతం యజమాని మరణానంతరం ఢిల్లీ వీధిలో తుప్పుపట్టింది. పిమ్మట సంస్థవారే బాగుచేసి తమ కార్యాలయంలో ప్రదర్శనకు ఉంచారు.

స్టేట్స్‌మన్ పత్రిక 1964లో ఢిల్లీలో ఆరంభించిన పాతకార్ల ర్యాలీలో, నిజాం స్టేట్ రైల్వే వారి 1914 నాటి జాన్ మోరిస్ అగ్నిమాపక శకటం పలుమార్లు పాల్గొన్నది. చాణక్యపురి రైలు మ్యూజియం దాని నివాసం. నూరేళ్ళు దాటిన ఆ శకటానికి ఉన్న దారి నలభై ఏళ్ళ పద్మినికి లేదు. గృహస్థు ఆదివారం ఉదయం పొగ నిలవకుండా షెడ్డు తలుపులు బార్లా తెరచి, ఇంజనును పావుగంట నడిపించి, బ్యాటరీ తీగె విప్పి, ముసుగు మళ్ళీ కప్పుతాడు.