కోడు రాశాం సరే, కొనేదెవరు?

కొత్త సాఫ్ట్‌వేర్ తయారుచేస్తున్న మిత్రులారా!

మాదాపూర్ గదుల్లో ఆర్నెల్లపాటు రాత్రింబవళ్లు కోడు రాస్తున్నాం. తీరా "ఇది ఎవరికి?" అని అడిగితే "అందరికీ" అంటున్నాం. ఉన్న నాలుగు డబ్బులూ ఫేస్‌బుక్ ప్రకటనల్లో పోస్తున్నాం. డౌన్‌లోడ్లు వస్తున్నాయి, వారం తిరిగేసరికి తీసేస్తున్నారు. సరుకు మంచిదే. ఏ గుమ్మానికి తీసుకెళ్లాలో మనకే తెలియడం లేదు.

మొన్నొక కిరాణా కొట్టులో చూశాం. సాయంత్రం ఏడు గంటలు, జనం. షావుకారు ఒక చేత్తో పంచదార తూస్తూ, ఇంకో చేత్తో చిల్లర లెక్కపెడుతున్నాడు. ఒక కుర్రాడు ఫోన్లో బిల్లింగ్ యాప్ చూపిస్తున్నాడు. తెరంతా ఇంగ్లీషు. "పావుకిలో చింతపండు అరువు రాయాలంటే ఎక్కడ నొక్కాలి బాబూ?" అన్నాడాయన. అరువు రాసే చోటే అందులో లేదు. గల్లాపెట్టె పక్కనున్న ఖాతా పుస్తకం మళ్లీ తెరుచుకుంది.

ఆన్‌లైన్‌లో బస్సు టికెట్లు అమ్మే రెడ్‌బస్ కూడా మొదట ఇలాగే తప్పు గుమ్మం తట్టింది. 2005 దీపావళికి బెంగళూరు నుంచి ఇంటికి రావడానికి బస్సు టికెట్టు దొరక్క, మన తెలంగాణ బిడ్డ ఫణీంద్ర సామాకు వచ్చిన ఆలోచన అది. మిత్రులతో కలిసి మొదట బస్సు ఆపరేటర్ల కోసం సాఫ్ట్‌వేర్ రాశారు. ఆపరేటర్లు పట్టించుకోలేదు. టికెట్టు కోసం ఏజెంట్ల చుట్టూ తిరిగే ప్రయాణికుడిదే అసలు అవస్థ. అందుకే 2006లో ఆపరేటర్ల దగ్గర కొన్ని సీట్లు అడిగి తీసుకుని ప్రయాణికులకు అమ్మారు. ఆపరేటర్లకు సాఫ్ట్‌వేర్ అమ్మింది ఆ తర్వాతే.

కాబట్టి ప్రకటనకు రూపాయి తీసేముందు ఈ నాలుగు పనులు చేద్దాం:

1. ఒక్క వృత్తి, ఒక్క ఊరు ఎంచుకుందాం. "వ్యాపారులు" అంటే చాలదు. గుంటూరు మిర్చి యార్డు కమీషన్ ఏజెంట్లు అనాలి. బస్తాలు, తూకం, హమాలీ, రైతుకిచ్చిన అడ్వాన్సు... వాళ్ల చిట్టాలోని మాటలే తెర మీదా కనపడాలి.

2. వేళ చూసుకుని వెళదాం. మార్చిలో యార్డు నిండా మిర్చి ఉంటే మన డెమో ఎవరు చూస్తారు? యార్డుకు వేసవి సెలవులిచ్చినప్పుడు వెళ్లాలి. అకౌంటెంట్ల దగ్గరికి నెలలో 11, 20 తేదీలు దాటాక వెళ్లాలి. అవి నెలవారీ జీఎస్టీ రిటర్నుల గడువులు.

3. వాళ్లు నమ్మే మనిషిని ముందు ఒప్పిద్దాం. కొట్టు యజమాని మన ప్రకటన చదవడు. తన లెక్కలు చూసే అకౌంటెంట్ చెబితే వింటాడు.

4. పదిమంది దగ్గరైనా డబ్బు తీసుకుని వాడిద్దాం. ఊరికే ఇస్తే మొహమాటానికి "బాగుంది బాబూ" అంటారు. నెలకు వంద రూపాయలు అడిగితే అసలు మాట బయటికొస్తుంది.

ఆ పదిమంది పక్క కొట్టుకు చెప్పిన రోజున ప్రకటనల సంగతి ఆలోచిద్దాం.

రేపు సాయంత్రం ల్యాప్‌టాప్ మూసి, మీ వీధి కొట్టు దగ్గర రెండు గంటలు నిలబడండి. యాప్ చూపించకండి. ఆయన ఖాతా పుస్తకం చూపించమని అడగండి.

ఇట్లు,
మీలాగే కోడు రాసి చేతులు కాల్చుకున్న మిత్రులు