పెరడు మనదే.. పర్మిషన్ మాత్రం కావాల్సిందే!

‘మా స్థలం, మా చెట్టు.. కొట్టుకుంటే అడిగేదెవరు?’ పాత ఇల్లు పడగొట్టి అపార్ట్‌మెంట్ కట్టేవాళ్ల నోట తరచూ వినిపించే మాటిది. కానీ బాస్, అడిగేవాళ్లున్నారు! మన రెండు రాష్ట్రాల్లో ‘వాల్టా’ అనే చట్టం ఉంది. అంటే నీరు, భూమి, చెట్ల చట్టం. ఉమ్మడి రాష్ట్రంలో 2002లో వచ్చింది. దాని ప్రకారం సొంత స్థలంలోని చెట్టునైనా సరే, ముందుగా అనుమతి తీసుకోకుండా నరకకూడదు.

ఏం చేయాలి? అటవీ శాఖకు దరఖాస్తు పెట్టుకోవాలి. ఏ చెట్టు, ఎన్ని, ఎందుకు కొట్టాలో అందులో చెప్పాలి. అధికారులు చూసి సరేనంటే, పోయిన చెట్టుకు బదులుగా మొక్కలు నాటాలి. సరుగుడు, సుబాబుల్, నీలగిరి లాంటి పంటగా పెంచే కొన్ని రకాలకు మినహాయింపులున్నాయి. మీ చెట్టు ఆ లిస్టులో ఉందో లేదో రంపం తెప్పించక ముందే కనుక్కోండి.

‘పట్టుబడితే ఫైన్ కట్టేస్తాం’ అనుకునేవాళ్లకు ఒక కేసు చెప్పాలి. ఉత్తరప్రదేశ్‌లోని మథుర దగ్గర ఒక ప్రైవేటు స్థలంలో 454 చెట్లు కొట్టేశారు. తాజ్‌మహల్ పరిసరాల కోసం సుప్రీంకోర్టు పెట్టిన ఆంక్షలు అక్కడ వర్తిస్తాయి. 2025 మార్చిలో కోర్టు చెట్టుకు లక్ష రూపాయల చొప్పున జరిమానా ఖాయం చేసింది. ఆ పచ్చదనం మళ్లీ రావాలంటే కనీసం 100 ఏళ్లు పడుతుందని కూడా అంది.

ఒక్క వేపచెట్టుకి ఇంత తతంగమా అనిపించొచ్చు. ఇల్లు ఏడాదిలో లేస్తుంది. వేపచెట్టు అలా కాదు, మళ్లీ అంత నీడనివ్వాలంటే ఇంట్లో పిల్లలు పెద్దవాళ్లయిపోతారు. అనుమతి కోసం ఆగే ఆ కొన్ని రోజుల్లోనే అసలు ప్రశ్న అడగొచ్చు: గేటు ఇంకో పక్కకు జరిపితే చెట్టు మిగలదా? కొమ్మలు తీయిస్తే సరిపోదా? ప్లాన్ గీసేటప్పుడే ఇంజినీరుకు చెట్టు చూపిస్తే చాలాసార్లు దారి దొరుకుతుంది.

ఇక మీ వీధిలో రంపం చప్పుడు వినిపిస్తే? వీడియో తీసి స్టేటస్ పెట్టడం తర్వాత. ముందు ‘పర్మిషన్ కాగితం ఉందా అన్నా?’ అని మర్యాదగా అడగండి. లేదంటే వెంటనే అటవీ శాఖకు ఫోన్ కొట్టండి. చెట్టు కూలిపోయాక ఫిర్యాదు చేస్తే జరిమానా పడుతుందేమో గానీ, నీడ రాదు కదా!