డాబా ఇల్లు మాత్రం వారసత్వం కాదా?

పాత ఇళ్లు అనగానే మనవాళ్లకి మండువా లోగిళ్లు, టేకు స్తంభాలే గుర్తొస్తాయి. అరవై ఏళ్ల కిందటి సిమెంటు డాబాని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. గోపాల్‌పూర్‌లో మా తాతగారు 1960ల్లో కట్టించిన ఇల్లు అలాంటిదే. నగిషీలేమీ లేవు. చదును స్లాబు, వెడల్పాటి సన్‌షేడ్లు, గాలి ఆడ్డానికి సిమెంటు జాలీ గోడ, మొజాయిక్ నేల. ముందుగదిలో కూర్చుంటే ఎదురుగా సముద్రం.

"బిల్డరుకి ఇచ్చేద్దాం, తలో ఫ్లాటూ వస్తుంది" అంటున్నారు మావాళ్లు కొందరు. మేం మాత్రం వద్దంటున్నాం.

వాళ్ల మాటలో నిజం లేకపోలేదు. ఉప్పుగాలికి స్లాబులోని చువ్వలు తుప్పు పడతాయి. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బి, కాంక్రీటు పెచ్చులూడుతుంది. పైపైన సిమెంటు పూసి సున్నం కొడితే ఆగదు. చెడిన భాగం చెక్కేసి, చువ్వలు శుభ్రం చేసి, పాడైనవి మార్చి మళ్లీ పోయాలి. ఖర్చే, కాదనం. కానీ కొత్త ఫ్లాట్లకి మాత్రం వీచేది వేరే గాలా?

పుదుచ్చేరిలో అరవిందాశ్రమం వారి గోల్కొండ్ భవనం చూడండి. ఆంటోనిన్ రేమండ్ రూపకల్పన చేసిన ఈ కాంక్రీటు కట్టడం 1940ల్లో పూర్తయింది. హైదరాబాదు నుంచి అందిన విరాళానికి గుర్తుగా ఆ పేరు పెట్టారు. సముద్రం దగ్గరే. శ్రద్ధగా చూసుకుంటున్నారు కాబట్టి ఇప్పటికీ చెక్కుచెదరకుండా ఉంది. మన ఇల్లు కూడా 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను ఇక్కడే తీరం దాటినప్పుడు కిటికీ అద్దాలు పోగొట్టుకుంది గానీ నిలబడింది.

అసలు సంగతి వేరే ఉంది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ఏర్పడి గంజాం అటు వెళ్లాక, మనవాళ్లలో కొందరు సరిహద్దు దాటి వెళ్లిపోయారు. తాతగారు ఉండిపోయారు. "ఇక్కడే ఉంటాం" అని ఆయన కాంక్రీటుతో చెప్పిన మాట ఈ ఇల్లు. ఎవరి ఫ్లాటు తలుపు వాళ్లు వేసుకున్నాక, పిల్లలంతా ఒకే వసారాలో కూర్చుని తెలుగులో పోట్లాడుకునే చోటు ఇంకెక్కడ దొరుకుతుంది?

కాబట్టి మేం కోరేది ఇంతే. ముందు మంచి స్ట్రక్చరల్ ఇంజనీరు చేత పరీక్ష చేయిద్దాం. బాగుపడేదైతే ఖర్చు వాటాలేసుకుందాం. కాదంటే, కనీసం కొలతలూ ఫొటోలూ తీసి దాచుకుందాం. దసరాకి అందరం ఇక్కడే కలుస్తాం కదా, సంతకాల కాగితం కన్నా ముందు ఇంజనీరు రిపోర్టు చూద్దాం.