మచ్చ మీద పచ్చబొట్టుకు ముందు డాక్టరు చూడాలి, మనిషికో కొత్త సూది వాడాలి

మదనపల్లె, పుంగనూరు, కుప్పం పట్టణాల ప్రజలకు, చుట్టుపక్కల పల్లెల అక్కచెల్లెళ్లకు, అన్నదమ్ములకు విన్నపం.

ఒంటి మీద మచ్చ బరువు మోసేవాళ్లకే తెలుసు. చిన్నప్పుడు పచ్చకామెర్లకో ఫిట్సుకో పెట్టిన వాతలు, స్టవ్ మంటకు కాలిన చెయ్యి, కొడవలి జారి తెగిన మణికట్టు, ఆపరేషన్ కుట్లు, బతుకు మీద విసుగుపుట్టి తన చెయ్యి తానే కోసుకున్న గీతలు. పెళ్లిచూపుల్లో కొంగు మోచేతి కిందికి లాక్కునే పిల్లను, నడివేసవిలో కూడా పొడుగు చేతుల చొక్కా వదలని పిల్లాణ్ణి మనమందరం చూశాం. ఆ మచ్చ మీద తీగో పువ్వో నెమలో వేయించుకుని తలెత్తుకు తిరగాలనుకోవడం న్యాయమైన కోరిక. దాన్ని సోకు అనేవాళ్లతో మేము ఏకీభవించం. బ్రెజిల్‌లో ఫ్లావియా కార్వాల్యో అనే టాటూ కళాకారిణి, ఇంట్లో హింసకు గురైన స్త్రీల గాయాల మచ్చల మీద ఉచితంగా పూలూ పక్షులూ వేసి పేరు తెచ్చుకుంది. రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ అయినవాళ్లకు చనుమొన రూపాన్ని రంగుతో తిరిగి దిద్దడం ఆసుపత్రుల్లోనూ జరుగుతోంది.

మా భయమంతా సూది గురించే. ఈసారి జాతరకు వెళ్లినప్పుడు పచ్చలు వేసేచోట కాసేపు నిలబడి చూడండి. బొమ్మల అట్ట, చిన్న మెషిను, మూతలో నల్ల ఇంకు. ఒకరి చేతి మీద పేరు రాయడం పూర్తవుతుంది. సూదిని గుడ్డతో తుడుస్తారు, మళ్లీ అదే మూతలో ముంచుతారు, తర్వాతి మనిషి చెయ్యి చాపుతాడు. రక్తం కంటికి కనబడదు కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. హెపటైటిస్ బి వైరస్ ఒంటి బయట, ఎండిన రక్తపు మరకలో కూడా కనీసం ఏడు రోజులు బతుకుతుంది. దానికి టీకా ఉంది, హెపటైటిస్ సికి అదీ లేదు. హెచ్ఐవీ సంగతి చెప్పనక్కర్లేదు. స్పిరిట్‌తో తుడిచినంత మాత్రాన, వేడినీళ్లలో ముంచినంత మాత్రాన సూది శుభ్రపడదు. ఇంకు మూత మారకపోతే, సూది మార్చి కూడా ప్రయోజనం లేదు. మనలో చాలామంది ఈ రెండో సంగతి గమనించరు.

పచ్చ వేసేవాళ్ల పొట్ట కొట్టమని మేము అడగడం లేదు. ఒకప్పుడు ఎరుకల అవ్వలు ఊరూరా తిరిగి మన అవ్వల చేతుల మీద పొడిచిన పచ్చ ఈనాటికీ చెదరలేదు. ఆ పనితనానికి మర్యాద దక్కాలి. ఇప్పుడు పచ్చ వేసేవాళ్లకు హెపటైటిస్ బి టీకా మూడు డోసులూ ఉచితంగా వేయించి, సూదులు ఎలా వాడాలో, వాడినవి ఎక్కడ పారేయాలో నేర్పించే బాధ్యత మునిసిపాలిటీదీ ఆరోగ్య శాఖదీ.

ఇక మచ్చ సంగతి. మామూలు చర్మం మీద వేసే చెయ్యి మచ్చ మీద సరిపోదు. ఇంకు నిలిచేది పైపొర కింద ఉండే రెండో పొరలో. గాయం మానినచోట ఆ పొర గట్టిగా, ఎగుడుదిగుడుగా ఉంటుంది. ఒకచోట ఇంకు పట్టదు, పక్కనే అలుక్కుపోతుంది. మచ్చ ఎర్రగా ఉన్నా, దురద పెడుతున్నా, ఇంకా ఉబ్బుతున్నా సూది తగలనివ్వకూడదు. కనీసం ఏడాది గడిచి, చదునుగా, పాలిపోయి ఉన్న మచ్చ అయితేనే ఆలోచించాలి. చర్మం రంగు ఇంకుతో మచ్చను మాయం చేస్తామనేవాళ్లను నమ్మవద్దు. ఎండకు మన చర్మం నల్లబడుతుంది, ఇంకు నల్లబడదు, చివరికి మచ్చ ఇంకా కొట్టొచ్చినట్టు కనబడుతుంది. నేర్పరులు మచ్చ వంపును బట్టి బొమ్మ గీసి, చూపును ఆ బొమ్మ మీదికి మళ్లిస్తారు.

అన్నిటికన్నా పెద్ద ప్రమాదం కీలాయిడ్. గాయం హద్దు దాటి మచ్చ పెరుగుతూనే పోయే గుణం ఇది. మన రంగు చర్మంలో ఎక్కువగా కనబడుతుంది. ఈ గుణం ఉన్నవాళ్లు పచ్చ వేయించుకుంటే బొమ్మంతా ఉబ్బిపోవచ్చు. ఇంట్లోనే ఒక గుర్తు చూసుకోవచ్చు. ఎడమ భుజం మీద చిన్నప్పటి బీసీజీ టీకా మచ్చను వేలితో తడమండి. అది గుంటగానో చదునుగానో కాకుండా ఉబ్బి, గట్టిపడి, టీకా వేసినచోటు దాటి పాకి ఉంటే పచ్చ మాట మానుకుని చర్మ వైద్యుల దగ్గరికి వెళ్లండి. టీకా మచ్చ చదునుగా ఉన్నా డాక్టరును అడగడం మానవద్దు. ఉబ్బిన మచ్చను అణచడానికి సిలికాన్ జెల్, మచ్చలోకే ఇచ్చే స్టెరాయిడ్ ఇంజెక్షన్లు ఉన్నాయి.

బీసీజీ మాట వచ్చింది కాబట్టి ఇది కూడా చెప్పాలి. మదనపల్లె పక్కన ఆరోగ్యవరంలో 1912లో పునాది పడిన క్షయ ఆసుపత్రి దేశమంతటా పేరుపొందింది. 1950లలో అక్కడి డాక్టరు ఫ్రిమోట్ మోలర్ బృందం మన చుట్టుపక్కల పల్లెలు తిరిగి బీసీజీ టీకా మీద పరిశోధన చేసింది. ఆ రోజుల్లోనే అంత పని జరిగిన గడ్డ మీద, ఇప్పుడు జాతరలో సూది మార్చించలేమా?

డబ్బున్నవాళ్లు బస్సో రైలో ఎక్కి బెంగళూరు స్టూడియోకు వెళ్లొస్తారు. లేనివాళ్లకు జాతర మెషినే గతి. బెంగళూరులో మాత్రం అంతా భద్రమని కాదు. టాటూ ఇంకుల్లో హానికరమైన లోహాలు బయటపడ్డాయనీ, నిబంధనలు కావాలని కేంద్రాన్ని కోరతామనీ 2025లో కర్ణాటక ఆరోగ్య మంత్రి దినేశ్ గుండూరావే చెప్పారు.

అందుకే మూడు మునిసిపాలిటీలనూ అడుగుతున్నాం. పచ్చ వేసే ప్రతి దుకాణం పేరు నమోదు చేసి లైసెన్సు ఇవ్వండి. జాతరలో చోటు ఇచ్చేటప్పుడే కొత్త సూది, కొత్త ఇంకు మూత, గ్లోవ్స్ షరతు పెట్టండి. సీలు కవరును గిరాకీ కళ్ల ముందే చించాలి. మదనపల్లె ప్రభుత్వ ఆసుపత్రిలోనూ, కుప్పం పీఈఎస్ వైద్య కళాశాల ఆసుపత్రిలోనూ చర్మ విభాగం వారానికి ఒక పూట మచ్చల కోసమే ఓపీ నడపాలి. అక్కడి డాక్టరు రాసిచ్చిన చీటీ చూపించనిదే ఎవరూ మచ్చ మీద సూది పెట్టకూడదు. పుంగనూరు వాళ్లు దానికోసం తిరగాల్సిన పని లేకుండా అక్కడి ఆసుపత్రికే నెలకోసారి డాక్టరు రావాలి.

సైన్యంలో చేరాలనుకునే తమ్ముళ్లకు ఒక హెచ్చరిక. ముంజేతి లోపలి వైపు, అరచేతి వెనక తప్ప వేరేచోట శాశ్వత పచ్చ ఉంటే సాధారణంగా ఎంపికలో తీసుకోరు. గిరిజనులకు వాళ్ల ఆచారాన్ని బట్టి మినహాయింపు ఉంది. మచ్చ భుజం మీదుంటే ముందే ఆలోచించుకోండి.

చేతి మీద గీతలు మీరే కోసుకున్నవైతే, ఆ ఆలోచన ఇంకా వస్తుంటే, పచ్చ తర్వాత సంగతి. 14416కు ఫోన్ చేయండి. అది టెలీ మానస్, ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు. ఇంట్లోవాళ్లు ఆ గీతలు చూసి తిట్టకండి, పక్కన కూర్చోండి.

ఇప్పటికే జాతరలో వేయించుకున్నవాళ్లు భయపడి దాచుకోవద్దు. ప్రభుత్వ ఆసుపత్రిలో హెచ్ఐవీ పరీక్ష ఉచితం, పేరు బయటికి రాదు. హెపటైటిస్ పరీక్ష కూడా అడిగి చేయించుకోండి.

సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఈ కోరికలు ఒక తెల్లకాగితం మీద రాసి ఇవ్వండి. మీ వార్డు పేరు, మీ ఊళ్లో జాతర జరిగే తేదీ తప్పకుండా రాయండి. రసీదు తీసుకోండి. దాని నకలు ఒకటి మునిసిపల్ కమిషనర్‌కు, ఇంకొకటి జాతర కమిటీకి పంపండి.