గుంత పూడిస్తే సరిపోదు

హైదరాబాద్‌లో భారీ వాన కురిసిన మర్నాడు ఏ రోడ్డెక్కినా ఒక దృశ్యం కనిపిస్తుంది. చిన్న ట్రక్కులో నల్లటి మిశ్రమం వస్తుంది. ఇద్దరు ముగ్గురు కూలీలు దాన్ని పారలతో తడి గుంతలో పోసి, పార వెనక్కి తిప్పి నాలుగు దెబ్బలు కొట్టి, తర్వాతి గుంత దగ్గరికి వెళ్లిపోతారు. మళ్లీ వాన పడితే చాలు, ఆ గుంత మరింత వెడల్పుగా తెరుచుకుంటుంది. తప్పు ఆ కూలీలది కాదు. వాళ్లకు రోలర్ ఇవ్వలేదు, గుంత ఆరేదాకా ఆగే వ్యవధి ఇవ్వలేదు. అసలు ఆ గుంత అక్కడే ఎందుకు పడుతోందో తేల్చే పని ఎవరికీ అప్పగించలేదు.

గుంత ఎలా పూడ్చాలో మన ఇంజనీర్లకు తెలియక కాదు. తారు రోడ్ల నిర్వహణకు ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రత్యేకంగా నియమావళే రాసిపెట్టింది. గుంత చుట్టూ గట్టి రోడ్డు తగిలేదాకా అంచులను నిటారుగా, చదరంగా కోయాలి. లోపలి బురద, వదులైన కంకర తీసి ఆరనివ్వాలి. అడుగుకూ అంచులకూ పలుచగా తారు పూత పూయాలి. ఆపైన వేడి మిశ్రమం పరిచి రోలర్‌తో అణచాలి. మామూలుగా వాడే వీజీ-30 రకం తారైతే పరిచేటప్పుడు మిశ్రమం వేడి 140 డిగ్రీలకు తగ్గకూడదు. 90 డిగ్రీలకు చల్లారేలోపే రోలింగ్ పూర్తి కావాలి. తడి కంకరకు తారు అంటుకోదు. అందుకే వానలో వేసిన ప్యాచ్ నిలవదు. అది తాత్కాలికంగా ప్రమాదాన్ని తప్పించే పని. వానలు తగ్గాక అదే చోట పద్ధతి ప్రకారం మళ్లీ చేయాలి. మన నగరాల్లో ఎగ్గొట్టేది ఈ రెండో పనినే.

అసలు తారు రోడ్డును చంపేది చక్రాల బరువు కంటే నిలిచిన నీరే. రోడ్డు మధ్య భాగం కాస్త ఎత్తుగా, అంచులు వాలుగా ఉండాలి. అంచుకు చేరిన నీరు రోడ్డు పక్కనుండే క్యాచ్‌పిట్ (నీరు దిగే గుంత) లోంచి వరద కాలువలోకి పోవాలి. ఎన్నో కాలనీల్లో పాత రోడ్డును చెక్కి తీయకుండా దానిమీదే కొత్త పొర వేస్తారు. వేసిన ప్రతిసారీ రోడ్డు మట్టం పెరుగుతుంది. క్యాచ్‌పిట్ నోరు మూసుకుపోతుంది, మ్యాన్‌హోల్ మూత గుంతలోకి దిగుతుంది, ఇళ్ల గుమ్మాలు రోడ్డు కంటే కిందికి పోతాయి. ఇరవయ్యేళ్ల కిందట రెండు మెట్లెక్కి ఇంట్లోకి వెళ్లినవాళ్లు ఇప్పుడు రెండు మెట్లు దిగి వెళ్తున్నారు. కాంట్రాక్టరు చేసిన పని మెజర్‌మెంట్ బుక్‌లో పొడవు, వెడల్పు, మందంగా ఎక్కుతుంది. నీరు ఏ వైపు పోతుందన్నది మాత్రం చాలాసార్లు ఎక్కడా నమోదు కాదు.

కాలనీ నీరు చివరికి చేరాల్సింది నాలాలోకే. 2000 ఆగస్టు 24న నగరంలో ఒక్కరోజులో 24 సెంటీమీటర్ల వాన పడింది. ఆ వరద తర్వాతే నాలాల అధ్యయనాన్ని కిర్లోస్కర్ సంస్థకు అప్పగించారు, 2003లో నివేదిక వచ్చింది. నాలాల వెడల్పు పెంచాలని అది చెప్పినా, ఆక్రమణలు తొలగించడం, నిర్వాసితులకు వేరే ఇళ్లు చూపించడం తెమలక చాలాచోట్ల పని ముందుకు సాగలేదు. 2020 అక్టోబరులో మళ్లీ 19 సెంటీమీటర్ల వాన బేగంపేటలో నమోదైంది, ఘట్‌కేసర్ వైపు 30 సెంటీమీటర్లు దాటింది. పదుల సంఖ్యలో ప్రాణాలు పోయాక వ్యూహాత్మక నాలా అభివృద్ధి కార్యక్రమం మొదలైంది. తొలి దశకే దాదాపు వెయ్యి కోట్లు కేటాయించారు. కొన్ని ప్రాంతాలకు దానివల్ల మేలు జరిగిన మాట నిజం. కానీ వెడల్పు చేసిన నాలాలోనూ పూడిక చేరుతుంది. భవన నిర్మాణ వ్యర్థాలు, పాలిథిన్ సంచులు, పరుపులు, కొబ్బరి బొండాలు వచ్చి కల్వర్టు దగ్గర అడ్డం పడతాయి. వెయ్యి కోట్ల కాంక్రీటు పనిచేస్తుందా లేదా అన్నది ఆ కల్వర్టును ఏటా వానలకు ముందు శుభ్రం చేశారా లేదా అన్నదాని మీదే ఆధారపడి ఉంటుంది.

పూడికతీత ఎలా జరుగుతుందో ఒకసారి దగ్గరగా చూస్తే సమస్య అర్థమవుతుంది. తీసిన మట్టిని ఆరడానికని నాలా గట్టు మీదే కుప్ప పోస్తారు. ఆరాక లారీ రావాలి. అది వచ్చేలోపు ఒక వాన పడితే సగం మట్టి తిరిగి నాలాలోకే జారుతుంది. తవ్వినదానికి బిల్లు మాత్రం తయారవుతుంది. తవ్విన ఘనపరిమాణంతో పాటు డంపింగ్ యార్డుకు చేరిన లారీ తూకాన్నీ చూసి, రెండూ సరిపోలితేనే డబ్బు చెల్లించే నియమాన్ని కచ్చితంగా పాటిస్తే ఈ ఒక్క లోపం చాలామటుకు పోతుంది. దీనికి కొత్త చట్టం అక్కర్లేదు.

నాలాల మీది మూతల సంగతి ఇంతకంటే తీవ్రమైనది. 2020 సెప్టెంబరులో నేరేడ్‌మెట్‌లో, 2023 ఏప్రిల్‌లో సికింద్రాబాద్ కళాసిగూడలో ఒక్కో చిన్నారి మూత లేని నాలాలో పడి ప్రాణం కోల్పోయింది. మూత అనేది నిర్వహణ పనుల్లో అన్నిటికంటే చౌకైనది. దానికి ఫ్లైఓవర్‌కు కావలసిన నిధులు అక్కర్లేదు. రోజూ నడిచి చూసే ఒక మనిషి, చూసింది వెంటనే సరిచేయించే అధికారం ఉంటే చాలు.

ఆ అధికారం ఎవరికుంది? ఇక్కడే చిక్కు. ఒకే వీధిలో రోడ్డు, వరద కాలువ నగర కార్పొరేషన్‌వి. మంచినీటి పైపు, మురుగు పైపు 1989లో ఏర్పడిన జలమండలివి. కరెంటు కేబుల్ విద్యుత్తు పంపిణీ సంస్థ (డిస్కం)ది, ఇంటర్నెట్ తీగ ప్రైవేటు కంపెనీది. 74వ రాజ్యాంగ సవరణ రోడ్లనూ నీటి సరఫరానూ పన్నెండో షెడ్యూల్‌లో చేర్చి మున్సిపాలిటీలు చేపట్టదగిన పనులుగా చూపింది. మన దగ్గర మాత్రం నీళ్లు జలమండలి అనే రాష్ట్ర ప్రభుత్వ బోర్డు చేతిలోనే ఉన్నాయి. కొత్త రోడ్డు వేసిన నెలకే పైపు లీకేజీ కోసం అడ్డంగా తవ్వుతారు. తవ్విన కందకాన్ని పొరలు పొరలుగా నింపి, ప్రతి పొరనూ అణచాలి. అలా చేయకుండా మట్టి ఒక్కసారిగా తోసేస్తే తొలి వానకే అది కుంగుతుంది. కొత్త గుంత పడింది కాబట్టి కార్పొరేషన్ మీద ఫిర్యాదు. తవ్వింది మేం కాదని కార్పొరేషన్ జవాబు. పూడ్చడానికయ్యే డబ్బు ముందే కట్టామని తవ్వినవారి జవాబు. మధ్యలో బండి మీంచి పడేది పౌరుడు.

ఈ చిక్కును విప్పడానికి రెండు మంచి ప్రయత్నాలు జరిగాయి. ఒకటి, సమగ్ర రోడ్డు నిర్వహణ పథకం. సుమారు 1,800 కోట్లతో 709 కిలోమీటర్ల ప్రధాన రోడ్లను ఐదేళ్ల పాటు ఏజెన్సీలకు అప్పగించారు. వేసినవారే చూసుకోవాలన్న షరతు ఉండటంతో ఆ రోడ్ల స్థితి మెరుగుపడింది. వేసి వెళ్లిపోయే కాంట్రాక్టరుకూ, ఐదేళ్లు జవాబు చెప్పాల్సిన కాంట్రాక్టరుకూ పనిలో తేడా కనిపిస్తుంది. అయితే అప్పటి నగర పరిధిలో రోడ్లు మొత్తం దాదాపు 9 వేల కిలోమీటర్లు. జనం నివసించే గల్లీలు ఆ పథకంలో లేవు. రెండోది, 2023 జూన్‌లో 150 వార్డుల్లో తెరిచిన వార్డు కార్యాలయాలు. రోడ్ల ఇంజనీరు, జలమండలి, విద్యుత్తు, పారిశుద్ధ్యం, దోమల నివారణ సిబ్బంది ఒకేచోట కూర్చోవాలన్నది ఆలోచన. అది సరైన ఆలోచన. ప్రభుత్వం మారాక దాని ఊపు తగ్గిపోవడం నగరానికి నష్టం. ఎవరు మొదలుపెట్టారన్నది చూడకుండా దాన్ని బలపరచాల్సింది.

డబ్బు విషయంలోనూ ఇదే ధోరణి. కొత్త వంతెనకు శంకుస్థాపన ఉంటుంది, ప్రారంభోత్సవం ఉంటుంది, ఫోటో ఉంటుంది. మూసుకుపోని క్యాచ్‌పిట్‌కు ఇవేవీ ఉండవు. నిధులు తక్కువైనప్పుడు మొదట ఆగేది నిర్వహణ బిల్లులే. బకాయిల కోసం కాంట్రాక్టర్లు ఆందోళనకు దిగడం ఇటీవలి సంవత్సరాల్లో చూశాం. చెల్లింపు ఆలస్యమైతే పనిలో ఎక్కడో ఒకచోట కోత పడుతుంది. అది సాధారణంగా రోడ్డు మందంలో, పనిచేసే మనుషుల భద్రతలో పడుతుంది. రక్షణ పరికరాలు లేకుండా మురుగు కాలువల్లోకి మనుషులను దింపడాన్ని 2013 చట్టం నిషేధించింది. ఇరుకు గల్లీల కోసం జలమండలి 2017లోనే 70 చిన్న జెట్టింగ్ యంత్రాలు తెచ్చింది. యంత్రాలున్న నగరంలో ఇంకా ఒక మనిషి మ్యాన్‌హోల్‌లోకి దిగి ఊపిరాడక చనిపోతే, దాన్ని ప్రమాదం అనడానికి వీల్లేదు.

2007లో 12 మున్సిపాలిటీలను, 8 గ్రామ పంచాయతీలను కలిపి గ్రేటర్ హైదరాబాద్ కార్పొరేషన్ (జీహెచ్ఎంసీ)ని ఏర్పాటు చేసినప్పుడు పరిధి సుమారు 625 చదరపు కిలోమీటర్లు. 2025 చివర్లో మరో 27 పురపాలికలను కలిపాక అది రెండు వేలు దాటింది. ఆ శివారు కాలనీల్లో చాలాచోట్ల వరద కాలువలే లేవు. పరిధి ఇంతగా పెరిగిన నగరంలో పాలన ఎన్ని ముక్కలైనా, ఎన్ని జోన్లైనా, వీధిలో జవాబుదారీ ఒక్కరే ఉండాలి. ప్రతి వార్డులో ఏ రోడ్డు ఎప్పుడు వేశారు, హామీ గడువు ఎప్పటిదాకా ఉంది, కింద ఏ పైపులున్నాయి, పూడిక చివరిసారి ఎప్పుడు తీశారు అన్న వివరాలను వార్డు కార్యాలయం గోడ మీద అందరికీ కనిపించేలా పెట్టాలి. వార్డు ఇంజనీరు సంతకం లేనిదే ఏ శాఖా గడ్డపార దించకూడదు. కార్పొరేషన్ బడ్జెట్‌లో నిర్వహణ నిధిని ముందు పక్కన పెట్టి, మిగిలినదాంట్లోంచే కొత్త పనులు మంజూరు చేయాలి. వచ్చే బడ్జెట్‌లో ఈ మూడింటిలో ఏది ఉందో, ఏది లేదో తమ కార్పొరేటర్‌ను, ఎమ్మెల్యేను కాలనీ సంక్షేమ సంఘాలు వానలకు ముందే నిలదీసి అడగాలి.