శిశుసంరక్షణము: మెడపూసల వదులు

డౌన్ సిండ్రోముతో బుట్టిన బిడ్డలను బెంచు సోదరీమణులు గుండెను గూర్చియు, మాటను గూర్చియు నడుగుదురు గాని మెడను గూర్చి యడుగువారు మిక్కిలి తక్కువ. కావున నీ నెల నా సంగతియే వ్రాయుచున్నాము.

మెడలోని మొదటిపూస యుంగరమువలె నుండును. రెండవపూసనుండి మేకువంటి యెముక లేచి యా యుంగరములో నిమిడియుండును. ఒక గట్టి స్నాయువు దానిని వెనుకనుండి పట్టెడవలె నదిమి పట్టుకొనును. ఆ వెనుకనే వెన్నుపాము దిగుచున్నది. ఈ బిడ్డల స్నాయువులు పుట్టుకతోనే వదులు. అందుచే నూటికి 10 మొదలు 20 మందివఱకు ఎక్స్‌రేలో నీ పూసల నడుమ సందు హెచ్చుగా గానవచ్చును. వెన్నుపాము నొక్కుకొని బాధపడువారు మాత్రము నూటికి ఒకరిద్దఱే.

ఆటలపోటీలకు బోవు నిట్టి బిడ్డలందఱికిని ఎక్స్‌రే తీయవలయునని అమెరికా బాలవైద్యుల పరిషత్తువారు 1984లో జెప్పిరి. నేడు బాగుగ నున్న పటము కొన్నియేండ్లకు మాఱవచ్చును. కావున 2011 నాటికి వారే, బాధలేని బిడ్డకు ఎక్స్‌రే యక్కఱలేదు, లక్షణములనే కనిపెట్టవలయు ననిరి. ఆ కనిపెట్టుట యింటివారి పనియే.

చక్కగా నడచుచుండిన బిడ్డ తొట్రుపడుట, మెట్లెక్కలేకపోవుట, తల నొకప్రక్కకు వాల్చుట, మెడనొప్పి, చేత ముద్ద నిలువకుండుట, మానిన పక్కతడుపు మరల వచ్చుట—వీనిని జూచి “బుద్ధిమాంద్యము గదా, పెంకితనము గదా” యని తేల్చివేయువారిని జూచినపుడు మాకు గష్టముగా నుండును. నొప్పి నోట జెప్పలేని బిడ్డ మఱెట్లు తెలుపగలదు? మెడ పట్టినదని నూనె రాచి త్రిప్పించుటయు, విఱిపించుటయు నెంతమాత్రము కూడదు. మెడ కదలనీయక ఆ దినమే యాసుపత్రికి గొనిపోవలయును.

వెన్నుపాము నొక్కుకొన్నదని యెం.ఆర్.ఐ.లో దేలినచో, రెండు పూసలను మరలతోను కడ్డీలతోను బిగించి, ఎముకముక్క నుంచి యొకటిగా నతికింతురు. అతుకుటకు నెలలు పట్టును. పిమ్మట తల మునుపటివలె త్రిప్పుట కుదరదు. ఈ బిడ్డలలో నతుకు నిలువకపోవుటయు గలదు గాన, ఈ పనిలో జేయి తిరిగిన వైద్యునే వెదకుడు. ఆలసించినచో పోయిన బలము పూర్తిగా రాకపోవచ్చును.

మఱియొక మాట. పంటికో చెవికో మత్తునిచ్చి శస్త్రము చేయుదు మన్నపుడు, డౌన్ సిండ్రోము బిడ్డ యని, మెడ జాగ్రత్త యని ముందే చెప్పుడు. గొట్టము వేయునపుడు మెడను వెనుకకు విఱువకుందురు. పిల్లిమొగ్గలును, తలక్రిందుగా నీట దుముకుటయు వలదు. పరుగును, ఉయ్యాలయు, దాగుడుమూతలును మాన్పింపకుడు.