వారసులకు వీలునామా ఒక్కటే చాలదు

మన ఇళ్లలో పెద్దవాళ్లు పోయాక బీరువా తెరిస్తే ఏం దొరుకుతుంది? ప్లాటు రిజిస్ట్రేషను కాగితాలు, బ్యాంకు పాసుబుక్కులు, ఇంటిపన్ను రసీదులు. గజాల లెక్క పిల్లలకు కంఠతా వస్తుంది. కాని ఆ రెండు వందల గజాలు కొనడానికి ఏ చెలక అమ్మారో, ఎవరి మెడలో గొలుసు కుదువపెట్టారో, ఎన్నేళ్లు ఒంటిగదిలో అద్దెకున్నారో ఏ కాగితంలోనూ ఉండదు. ఆస్తి చేతికందుతుంది, దాని వెనకున్న బతుకు అందకుండానే పోతుంది. ఆ బతుకు కూడా వారసులకు రాసి ఇవ్వవలసిన ఆస్తేనని నా అభిప్రాయం.

స్వీయచరిత్ర అనగానే కందుకూరి వీరేశలింగం గారో, టంగుటూరి ప్రకాశం గారో గుర్తొస్తారు. “దేశాన్ని కదిలించినవాళ్లు రాసుకున్నారు, సరే. గుమాస్తాగిరీ చేసినవాడికీ, బడ్డీకొట్టు నడిపినవాడికీ స్వీయచరిత్ర ఏమిటండీ?” అని నవ్వేవాళ్లున్నారు. రాయడం చేతకాదనేవాళ్లు మరికొందరు. చిలకమర్తి లక్ష్మీనరసింహం గారు చూపు పోయిన తర్వాత తన చరిత్రను నోటితో చెప్పి రాయించారు. పాలకుర్తి చాకలి ఐలమ్మ విసునూరు దేశముఖుకు ఎదురునిలిచిన మనిషి. ఆమె కలం పట్టి పుస్తకం రాయలేదు. స్త్రీశక్తి సంఘటన వాళ్లు తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల దగ్గరికి వెళ్లి, కూర్చుని, అడిగి, వాళ్లు చెప్పిందే ‘మనకు తెలియని మన చరిత్ర’గా అచ్చువేశారు. అందులో ఐలమ్మ మాటా ఉంది. ఆ పుస్తకం వచ్చింది 1986లో, ఐలమ్మ కన్నుమూసింది 1985లో. అడిగేవాళ్లు ఇంకొన్నేళ్లు ఆగి ఉంటే ఏమయ్యేదో ఆలోచించండి! అదే పుస్తకంలో మాట్లాడిన కొండపల్లి కోటేశ్వరమ్మ గారు తొంభై దాటిన తర్వాత, 2012లో, ‘నిర్జన వారధి’ పేరుతో తన కథ తానే రాసుకున్నారు. కాబట్టి వయసు మీరిందనే సాకు కూడా చెల్లదు.

ఇక మన దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ సంగతి చూద్దాం. సరూర్‌నగర్ చెరువు 1626 నాటిదని పుస్తకాల్లో దొరుకుతుంది. ఎల్బీనగర్‌కు లాల్ బహదూర్ శాస్త్రి గారి పేరు పెట్టారని అందరికీ తెలుసు. గడ్డిఅన్నారానికి 1986లో పండ్ల మార్కెట్ వచ్చిందనీ, 2021-22లో అది బాటసింగారానికి తరలిపోయిందనీ, 2018 సెప్టెంబరులో మెట్రో రైలు ఎల్బీనగర్ దాకా వచ్చిందనీ పత్రికల్లో ఉంది. స్థలాల లెక్క ఇంతవరకు బాగానే ఉంది. మరి మనుషుల లెక్క?

విజయవాడ రోడ్డూ, సాగర్ రోడ్డూ కలిసే చోటు ఇది. నల్లగొండ, సూర్యాపేట, ఖమ్మం, దేవరకొండ దిక్కు నుంచి బస్సెక్కిన మనిషికి పట్నం మొదట తగిలేది ఇక్కడే. బావులు ఎండిపోయి వచ్చినవాళ్లు, ఫ్లోరైడ్ నీళ్లకు జడిసి వచ్చినవాళ్లు, బదిలీ మీద వచ్చిన పంతుళ్లు, పిల్లల చదువు కోసం పొలం కౌలుకిచ్చి వచ్చినవాళ్లు - చైతన్యపురి, కొత్తపేట, వనస్థలిపురం కాలనీలను నింపింది వీళ్లే. వాళ్లను కదిపి చూడండి. “ఏముంది బిడ్డా, వచ్చినం, కష్టపడ్డం, బతికినం” అంటారు. నలభై ఏళ్లు మూడు మాటల్లో అయిపోయాయి!

ఆ మూడు మాటలను విప్పి చెప్పమనే నేను కోరేది. విప్పడం మొదలుపెట్టగానే మన పెద్దలు చాలామంది నీతులలోకి దిగుతారు. ‘నిజాయితీగా ఉండండి, పొదుపు చేయండి, పెద్దల మాట వినండి’ - ఇవి గోడకు వేలాడే క్యాలెండరు మీద కూడా ఉంటాయి. దీనికి తాతగారే అక్కరలేదు. తాతగారు మాత్రమే చెప్పగలిగినవి వేరే ఉన్నాయి. మొదటి జీతం ఎంత, అందులో ఇంటికి ఎంత పంపాడు? పెండ్లికి అప్పు ఎవరిచ్చారు, ఎన్నేళ్లకు తీరింది? చేసిన పనిలో మెలకువలు ఏమిటి? ఏ స్నేహితుడు చెయ్యి పట్టుకున్నాడు, ఎవడు వదిలేశాడు? నాయనమ్మ చెప్పగలిగినవి ఇంకా ఎక్కువ. నీళ్ల ట్యాంకరు కోసం బిందెలతో వరుసలో నిలబడ్డ రోజులు, చీటీ పాడి ఫీజు కట్టిన నెలలు ఆమె లెక్కలోనే ఉంటాయి. నీతి ఏమిటో ఆ లెక్కలు చూసి మనుమలు తామే తీసుకుంటారు.

అన్నిటికంటె ముఖ్యంగా ఓడిపోయిన సంగతులు రాయాలి. ఎందుకంటారా? సాయంత్రం దిల్‌సుఖ్‌నగర్ వీధుల్లో ఒకసారి నడవండి. కోచింగు సెంటర్ల బోర్డులు, వాటి పక్కనే హాస్టళ్లు. గ్రూప్స్ కోసం, కానిస్టేబుల్ పోస్టు కోసం, బ్యాంకు పరీక్ష కోసం ఏళ్ల తరబడి చదివే పిల్లలు. ఫలితాల్లో నంబరు లేకపోతే ఆ గదిలో కూర్చున్న పిల్లవాడు తన వంశంలో ఓడిపోయిన మొదటి మనిషి తానేననుకుంటాడు. ఎందుకంటే ఇంట్లో వాడు విన్నవన్నీ గెలిచిన కథలే. తాత మూడేళ్లు వరసగా పంట పోగొట్టుకున్నాడనీ, తండ్రి ఇంటర్మీడియెట్ రెండుసార్లు తప్పాడనీ, అమ్మ నడిపిన టిఫిన్ సెంటరు ఆరు నెలలకే మూతపడిందనీ వాడికి ఎవరూ చెప్పలేదు. పరువు పోతుందని దాచారు. దాచిన ఆ మాటే ఆ రాత్రి వాడికి అన్నం పెట్టగలిగిన మాట. ‘మనవాళ్లు పడ్డారు, లేచారు’ అని తెలిసినవాడికి పడినచోట కాస్త కూర్చుని లేచే ధైర్యం ఉంటుంది.

“నిజం రాస్తే అన్నదమ్ముల మధ్య తగవులు రావూ?” అని అడగవచ్చు. వస్తాయి. అందుకని ఎదుటివాళ్ల గుట్టు బయటపెట్టకుండా, తన బతుకు తాను చెప్పుకోవడం నేర్చుకోవాలి. “పిల్లలు అమెరికాలో ఉన్నారు, వాళ్ల పిల్లలకు తెలుగు చదవడం రాదు, ఎవరు చూస్తారు?” అనేది ఇంకో మాట. ఇవాళ చదవలేనివాడు రేపు చదివించుకుంటాడు. అసలు రాయనిదాన్ని ఎవరు చదివిస్తారు? వీడియో కాల్‌లో “తిన్నారా, పడుకున్నారా” దగ్గర ఆగిపోయే మాటలకు వారానికి ఒక ప్రశ్న కలిపితే ఏడాదికి యాభై ప్రశ్నలవుతాయి.

విద్యార్థి మిత్రులారా, ఇందులో మీ పని ఎక్కువ. పెద్దవాళ్లు తమంతట తాము రాయరు, అడిగేవాడు ఉండాలి. ఈ సెలవుల్లో రెండు వందల పేజీల నోటుపుస్తకం ఒకటి కొనండి. సంవత్సరం అడిగితే వాళ్లు తడబడతారు, సందర్భం పట్టుకుని అడగండి. 1969 ఉద్యమం నాటికి ఎక్కడున్నావు తాతా? ఎమర్జెన్సీలో ఏం పని చేసేవాడివి? కిలో రెండు రూపాయల బియ్యం వచ్చిన 1983లో మన ఇంట్లో ఎందరం? 2013 ఫిబ్రవరి 21 సాయంత్రం దిల్‌సుఖ్‌నగర్‌లో బాంబులు పేలినప్పుడు ఎవరెవరు ఇంటికి చేరలేదని భయపడ్డావు? చెప్పింది చెప్పినట్టు, వాళ్ల యాసలోనే రాసుకోండి, గ్రాంథికంగా దిద్దకండి. తర్వాత పాత రేషను కార్డుతో, జీతం చీటీతో, రిజిస్ట్రేషను తేదీతో సరిచూడండి. జ్ఞాపకం గట్టిదే కాని, అప్పుడప్పుడు నాలుగేళ్లు అటూ ఇటూ జరుగుతుంది. ఫోనులో రికార్డు చేసుకున్నా సరే, కాగితం మీద ఒక ప్రతి ఉండాలి. ఫోను మారినప్పుడల్లా గొంతులు పోతున్నాయి.

అధ్యాపక మిత్రులకు ఒక విన్నపం. విద్యార్థులు తెచ్చిన ఈ నోటుపుస్తకాలను, ఇంటివాళ్లు ఒప్పుకున్న మేరకు, కళాశాల గ్రంథాలయంలో ఒక అరలో భద్రపరచండి. నగరం తూర్పు దిక్కు చరిత్రను రేపు ఎవరైనా రాయబూనితే అక్కడినుంచే మొదలుపెట్టవచ్చు.

ఇక పూర్వ విద్యార్థులం, తల నెరిసినవాళ్లం మనం. పిల్లలు వచ్చి అడిగినప్పుడు “ఏముందిరా నా కథ” అని కొట్టిపారేయకుండా ఉందాం. వీలునామా రాయడానికి సాక్షులు కావాలి. దీనికి ఒక కలం, ఒక మధ్యాహ్నం చాలు.